లంకలో బావి ఎవరిది

చి.ల.సౌ. చెల్లెలు మంగాయమ్మకు అన్నయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, అబ్బాయి ఉదయ్‌భాస్కర్, కోడలు, కొత్తగా ఈనిన గేదె, అందరం క్షేమం. తునిలో నువ్వూ బావగారూ కులాసా అని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. నా క్షేమం మాత్రం ఒంటి వరకే రాశాను. మనసు సంగతి కింద వస్తుంది. తొందరపడి ముందే చివరి కాగితం తిప్పకు. చిన్నప్పటి నుంచీ నీకు ఆ దుర్గుణం ఉంది.

ఫోన్ ఎత్తనని నిష్ఠూరమాడావు. ఎత్తుతూనే ఉన్నాను తల్లీ, వినపడి చావదు. నువ్వక్కడ అరుస్తావు, నేనిక్కడ అరుస్తాను, మన కబుర్లు వీధి మొత్తం వింటుంది. ఇప్పుడు రాసేది వీధి వినాల్సిన సంగతే గానీ, ముందు నువ్వు వినాలి. అందుకే కలం పట్టాను.

మోకాళ్ల గురించి అడిగావు. నువ్వు పంపిన నూనె రోజూ మర్దనా చేస్తున్నాను. నొప్పి తగ్గలేదు, దుప్పట్లకు మాత్రం మరకలు పట్టాయి. కోడలు ఉతికినప్పుడల్లా నిన్ను తలుచుకుంటోంది. ఉప్పు తగ్గించావా అన్నావు. లేదు. ఎనభై నాలుగేళ్లు ఆవకాయ తిన్న నోరు ఇప్పుడు పథ్యం అంటే వింటుందా? బావగారికి షుగర్ ఎక్కువగా ఉందని రాశావు. ఆయన జేబులో బెల్లం ముక్క ఉంటుంది చూడు, నాకు తెలుసు.

ఇక నీ ఉత్తరంలో అసలు ముక్క. లంకలో భూమి తేలిందట గదా, హద్దు నువ్వే చూపించావట గదా, ఊరంతా సరేనందట గదా, మా అన్నయ్య మాటంటే అంతే అని ఇక్కడ అందరితో చెప్పుకున్నాను అని రాశావు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు కుదురు లేదు. ఊరి తగువులన్నీ తీర్చిన అరుగు మీద కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ఎటు వెళ్లాలో తెలియదు. పని లేకుండా చేలోకి వెళ్లి గట్టు మీద నిలబడి తిరిగి వస్తున్నాను. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారేంటి మావయ్యగారూ అని నిన్న కోడలు అడిగేసింది. దానికేం చెప్పను?

జరిగింది వరసగా చెబుతాను. యాభై మూడు వరదలో ఏరు మింగేసిన లంక నీకు గుర్తుండే ఉంటుంది. అప్పటికి నాకు పన్నెండేళ్లు, నీకు తొమ్మిది. అక్కడ పల్లంరాజుగారి తాతగారి చేను నాన్న కౌలుకు చేసేవాడు. దాన్ని ఆనుకుని తూర్పున ఏసోబు చేను ఉండేది. ఏసోబు అంటే మన ఐజాక్ తాత. రెండు చేలూ ఆ వరదకే పోయాయి. నిరుటి వరద తీశాక చూస్తే ఆ లంక మళ్లీ పైకి తేలింది. మన ఊరి కట్టుబాటు నీకు తెలియంది కాదు. ఏరు తిన్న భూమిని ఏరే తిరిగిస్తే, అది పోగొట్టుకున్నవాడి వారసుడిదే. అందులో పేచీ లేదు.

పేచీ అంతా హద్దు దగ్గర. గట్టు లేదు, రాళ్లు లేవు. ఇసుకలోంచి పాత బావి ఇటుకల వర ఒక్కటే మొలెత్తు బయటపడింది. దాని చుట్టూ కాస్త మెరక. ఎర్రనీరు వచ్చినా ఆ మెరక చిట్టచివర గానీ మునగదు. మిగతాదంతా పల్లం, అరటి పిలక వేస్తే తొలి వరదకే కొట్టుకుపోతుంది. కాబట్టి బావి ఎవరి హద్దులో ఉంటే గెలలు వాళ్లవి, రావులపాలెం మార్కెట్టు వాళ్లది. పల్లంరాజుగారికి ఇది కాకపోతే ఇంకో నాలుగుచోట్ల భూమి ఉంది. ఐజాక్‌కు ఇది తప్ప ఎక్కడా సెంటు లేదు. ఈ మెరక వస్తే ఇకమీదట కూలికి వెళ్లనక్కర్లేదని పెళ్లాంతో చెప్పుకున్నాడట.

ఆ లంకను కళ్లతో చూసినవాళ్లలో ఊళ్లో మిగిలింది నేనొక్కడినే. ఇద్దరూ వచ్చి, పెద్దవారు మీరు ఎక్కడంటే అక్కడే అన్నారు. పడవలో కుర్చీ వేసి మరీ తీసుకెళ్లారు. ఊళ్లో సగం మంది వెంట వచ్చారు. బావి దగ్గర నిలబడి నేను చేతికర్ర ఎత్తి, గట్టు బావికి తూర్పున ఉండేది అన్నాను. అంటే బావీ మెరకా పల్లంరాజుగారివి. ఐజాక్ కాసేపు ఇసుక వంక చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఆయ్, మీరు చెప్పాక ఇంకేముందండి" అన్నాడు. అంతా నాకు దణ్ణాలు పెట్టి మళ్లీ పడవ ఎక్కించారు.

ఇప్పుడు పల్లంరాజుగారు ఈ ఆదివారం ఆ మెరక మీద అరటి వేస్తున్నారు. నా చెయ్యి మంచిదని ఈ చుట్టుపక్కల ఒక నమ్మకం కదా. నాట్లకు తొలి కట్ట, అరటికి తొలి పిలక నా చేతే పెట్టిస్తారు. నేను ఆ పిలక పెట్టానంటే హద్దు ఖాయమైపోయినట్టే, ఇక ఎవరూ కదపలేరు.

మొన్న ఆగలేక ఐజాక్ ఇంటికి వెళ్లాను. వాడు పనికి వెళ్లాడు. వాళ్లమ్మ సువార్తమ్మ వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. కుర్చీ వేసి టీ ఇచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఆ బావి గురించి మీ ఇంట్లో ఏమనుకుంటారమ్మా అని అడిగాను. మా మామగారు చేత్తో తవ్విన బావండి అంది, తల ఎత్తకుండానే. మరి ఐజాక్ ఆ రోజు నోరెందుకు విప్పలేదన్నాను.

"నేనే వద్దన్నానండి. ఇయ్యాళ మీ మాట మేం కాదంటే రేపింకోళ్లు కాదంటారు. ఆ తర్వాత తగువొస్తే గొంతున్నోడిదే గెలుపు. మాకు గొంతు లేదండి, మీ అరుగుంది. మెరక పోతే పోయిందిలెండి."

మంగా, సిగ్గుతో చచ్చిపోయాను. టీ గ్లాసు కింద పెట్టి ఎలా లేచి వచ్చానో నాకే తెలియదు.

ఇంకా దాచి లాభం లేదు, చెప్పేస్తున్నాను. ఆ రోజు లంకలో దిగిన క్షణంలో నాకు ఏమీ గుర్తు రాలేదు. ఎటు చూసినా ఇసుక. గట్టు తూర్పునో పడమరో నాకు తెలియదు. తెలియకుండానే కర్ర ఎత్తాను. ఎందుకంటావా? ఇన్నేళ్లలో గట్లు జరిపారని వచ్చారు, నీటి వంతు ఎగ్గొట్టారని వచ్చారు, అన్నదమ్ముల కొబ్బరికాయ అవతలి పెరట్లో పడిందని కూడా వచ్చారు. ఎవరొచ్చినా ఏదో ఒకటి చెప్పి పంపించాను. తెలియదు అని ఎవరితోనూ అనలేదు. అంతమంది నోళ్లు తెరుచుకుని నా వంకే చూస్తుంటే ఆ మాట గొంతు దాటలేదు. పల్లంరాజుగారు తూర్పు వైపు నిలబడి ఉన్నారు. కర్ర అటు తిరిగింది. ఆయన మీద ప్రేమా కాదు, ఐజాక్ మీద కోపమూ కాదు. పెద్దరికం, అంతే. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరందరికీ చెప్పినవాడిని నేనే.

బావి మా తాతదని ఐజాక్ ఇంట్లో అంటారు, మా తాతదని పల్లంరాజుగారింట్లో అంటారు. సాక్ష్యం అంటూ ఉంటే నాదే, అదా బోలుది. అందుకే నీకు రాస్తున్నాను. నీ జ్ఞాపకం నాకంటే గట్టిది. ఒక్కసారి కళ్లు మూసుకుని చూడు. వేసవిలో మనిద్దరం నాన్నకు అన్నం పట్టుకెళ్లేవాళ్లం. నా చేతిలో అన్నం గిన్నె, నీ చంకన నీళ్ల బిందె. పడవ దిగాక ఇసుకలో అరికాళ్లు కాలిపోయేవి. ఎండకు ఏరు ఎక్కడికో జరిగిపోయి ఉండేది. నువ్వు బరువు మోయలేక ఏడ్చేదానివి. చేను పక్కనే బావి ఉంది కదా అన్నయ్యా, ఊళ్లోంచి నీళ్లు మొయ్యడం ఎందుకు అని నన్ను పీక్కుతినేదానివి.

ఇక్కడిదాకా రాసి చెయ్యి ఆగిపోయింది మంగా.

నిజమే కదా, ఎందుకు మోశాం? ఆ బావి పల్లంరాజుగారి తాతగారిదైతే, చేను కౌలుకు చేసే నాన్న అందులోనే తోడుకుని తాగేవాడు. పక్కన నీళ్లు పెట్టుకుని తొమ్మిదేళ్ల పిల్ల చేత ఊళ్లోంచి బిందె మోయించడు. అది ఏసోబు బావి. మాలపల్లె వాళ్ల నీళ్లని నాన్న ముట్టలేదు. అందుకే నువ్వు మోశావు.

అది తట్టగానే ఆ రోజంతా కళ్లముందుకు వచ్చేసింది. దాహం ఆగక నువ్వు పరిగెత్తి వెళ్లి ఏసోబు భార్య దోసిట్లో పోసిన నీళ్లు తాగావు. నాన్న చూశాడు. గట్టు ఇవతలే నిలబడి నీ పేరు పెట్టి కేకేశాడు. గట్టు దాటి ఆ బావి దగ్గరికి మాత్రం రాలేదు. నువ్వు భయపడుతూ గట్టెక్కి ఇవతలికి వచ్చాక జుట్టు పట్టుకుని ఏటి దాకా ఈడ్చుకెళ్లి మూడు మునకలు వేయించాడు. ఆవిడ చేద పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఆ గట్టు బావికి పడమర. ఇప్పుడు నా అరచెయ్యి ఎంత స్పష్టంగా కనిపిస్తోందో అదీ అంత స్పష్టంగా కనిపిస్తోంది. ఇంత సంగతి నా బుర్రలో ఏ మూల పూడుకుపోయిందో గానీ, ఆ నేల మీదే నిలబడినా పైకి రాలేదు.

ఇది రాశాక కూర్చోలేకపోయాను. చొక్కా తొడుక్కుని పల్లంరాజుగారింటికి వెళ్లి వచ్చాను. అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు మంగా, శ్రద్ధగా విన్నారు. వాళ్ల అబ్బాయిని లోపలికి పంపేసి నెమ్మదిగా అన్నారు.

"బావి వదిలేస్తానండి, దానికేముంది. ఇప్పుడు గుర్తొచ్చిందని చెప్పండి, సరిపోద్ది. ఆ నీళ్ల గొడవ అందరి ముందూ ఎందుకండీ? మీ నాన్నగారి పేరు, మీ పేరు రెండూ పోతాయి."

అబద్ధం ఎందుకు, ఆ మాట నాకు హాయిగా అనిపించింది. సరేనని సగం దూరం నడిచాను. తర్వాత ఆలోచించాను. కారణం చెప్పకుండా నేను మాట మారిస్తే ఊరు ఏమంటుంది? మొన్న తూర్పన్నాడు, ఇవాళ పడమరంటున్నాడు, వెనకాల ఐజాకే ఏదో మంత్రాంగం నడిపాడు అంటుంది. నోరు మూసుకుని మెరక వదులుకున్నవాడి మీద ఆ నింద వేయమంటావా? ఆ భూమి వాడిదని రుజువు ఒక్కటే, మనం ఆ నీళ్లు తాగకపోవడం. అది చెప్పకపోతే నేను చెప్పేది మళ్లీ ఉత్త కర్ర ఊపడమే అవుతుంది. నాన్న పేరంటావా, నాన్న చేసిందే చెబుతున్నాను. ఇక సువార్తమ్మ అన్నట్టు నా మాటకు విలువ పోయి, రేపు గొంతున్నవాడిదే రాజ్యం అవుతుందేమోనన్న భయం నాకూ ఉంది. కానీ ఒప్పుకోకుండా కూర్చున్నా నా అరుగు ఐజాక్‌కు ఏం ఒరగబెట్టింది కనుక?

కాబట్టి ఆదివారం నేను లంకకు వెళతాను. పిలక పెట్టను. అందరి ముందూ మొన్న తెలియక చెప్పానని ఒప్పుకుని, ఈ కథంతా చెబుతాను. నువ్వు రావాలి. నేనొక్కడినే చెబితే ముసలాడికి మతి పోయింది, రోజుకో మాట అంటున్నాడంటారు. ఆ గట్టు దాటి వెళ్లి తిరిగి వచ్చినదానివి నువ్వు. నలుగురిలో ఆ సంగతి పైకి తియ్యడం నీకెంత కష్టమో తెలుసు. నాన్న పోయేదాకా నువ్వు ఆయన ముందు మంచినీళ్లు తాగేదానివి కాదు, అదీ ఇప్పుడే గుర్తొస్తోంది. నీకిష్టం లేకపోతే బలవంతం లేదు, నీ పేరు ఎత్తకుండా మన ఇంటి పిల్ల అని చెబుతాను. వస్తే మాత్రం శనివారానికల్లా దిగు. రేపు అబ్బాయి పని మీద అటు వస్తున్నాడు, ఈ ఉత్తరం నీ చేతికిస్తాడు. బావగారికి నా నమస్కారాలు చెప్పు, పిల్లలకు దీవెనలు.

ఇంకొక్కటి అడగాలని ఉంది. అంత దెబ్బ తిన్నావు, అంత ఏడ్చావు, ఆ తర్వాత ఇన్నేళ్లు ఎన్నోసార్లు కలిసి కూర్చున్నాం, నేను ఒక్కసారీ అడగలేదు. ఆ నీళ్లు ఎలా ఉన్నాయే మంగా, తియ్యగా ఉన్నాయా?

ఇట్లు
నీ రాక కోసం వీధి వంక చూస్తూ ఉండే
అన్నయ్య
సత్తిరాజు