లకుముకి పిట్టకు చేపలు వేసింది ఎవరంటే

మణికొండలో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటున్న, ఖజానా శాఖలో పనిచేసి రిటైరైన పొన్నాడ కనకలక్ష్మి అనే నేను, అరవై ఆరో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. నాకు మతి స్థిమితం లేదని ఇంతకు ముందొకసారి అన్నవాళ్లున్నారు. ఫోటో పోటీలో వచ్చిన మొదటి బహుమతి వెనక్కిచ్చిన రోజున అన్నారు. ఆ రోజు కూడా స్థిమితంగానే ఉన్నాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా అమ్మాయి భానుశ్రీది.

1. ఫ్లాటులో నా సగం వాటా, బ్యాంకులో ఉన్నదీ నా భర్త సీతారామయ్య గారికి. ఆయన తదనంతరం భానుశ్రీకి.

2. రెండు పేటల గొలుసు, పట్టుచీరలు భానుశ్రీకి. హైటెక్ సిటీ ఆఫీసుకి కట్టుకెళ్లమనడం లేదు. ఏడాదికోసారి మడత మారిస్తే చాలు.

3. నా ట్రైపాడ్ మా ఫోటో క్లబ్బుకి. షరతు ఏమిటంటే, పోటీకి వచ్చే ప్రతి ఫోటో కింద దాన్ని ఎలా తీశారో రెండు ముక్కలు రాయించాలి. ఒప్పుకోకపోతే భానుశ్రీ తీసుకోవచ్చు, దాని మీద బట్టలారేసుకున్నా సరే.

4. క్లబ్బు కార్యదర్శి శ్యామ్‌కి మా వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండరు. నాకు మొదటి బహుమతి వచ్చిన పోటీలోనే, కేబుల్ బ్రిడ్జి ఫోటోలో సాయంత్రం పూట పడమటి దిక్కున పున్నమి చంద్రుణ్ని అతికించి రెండో బహుమతి కొట్టేశాడు. నేను షీల్డు తిరిగిచ్చినప్పుడు, "పోనివ్వండి మేడమ్, పిట్టకీ కడుపు నిండింది, మీకూ ప్రైజొచ్చింది, నష్టపోయిందెవరండీ?" అని అందరినీ నవ్వించాడు. నష్టపోయింది మూడో బహుమతి వచ్చిన అమ్మాయి. ఆ జవాబు అప్పుడు నాకు తట్టలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

5. బైనాక్యులర్స్ యాదయ్యకి. దుర్గం చెరువు పార్కులో సెక్యూరిటీ పని చేస్తాడు, నన్నడిగి వాటితో పిట్టల్ని చూసేవాడు. అసలు సంగతి తెలిసింది అతని వల్లే. బహుమతి వచ్చిన కొన్నాళ్లకి అడిగాడు: "అమ్మా, సారు మల్ల చేపలు తెస్తడా? పిట్ట పొద్దుగాల కెల్లి ఆ తొట్టి పెట్టిన జాగల్నే కూసుంటున్నది." అతను చాడీ చెప్పలేదు. పిట్ట గురించి పరేషాన్ అయ్యాడు, అంతే.

6. ఇక నీళ్లలోకి దూకుతున్న లకుముకి పిట్ట ఫోటో. మేత ఆశచూపి రప్పించిన పిట్టల ఫోటోలు పోటీకి పనికిరావు. ఆ నిబంధన మా ఆయనకీ తెలుసు. ఏళ్ల తరబడి నేను ఒట్టి చేతులతో తిరిగి రావడం చూడలేక, చేపపిల్లలు కొని, గాజు తొట్టిలో వేసి, ఒడ్డు పక్కన నీళ్లలో ముంచి పెట్టారు. పైనించి చూస్తే తొట్టి కనపడదు. "ఇక్కడ కూర్చో కనకం, వెలుతురు బాగుంది" అన్నారు. ఫోటోల విషయంలో ఆయనకి ఓనమాలు రావు. వెలుతురు గురించి మీకేం తెలుసని నేనూ అడగలేదు.

నిజం తెలిశాక క్లబ్బు మీటింగులో మైకు పట్టుకుని చెప్పేశాను. అందుకు విచారించడం లేదు. ఇంటికొచ్చాక ఆయన, "నువ్వు గెలిస్తే చూడాలనిపించిందే" అని మాత్రం అన్నారు. ఫోటోని గోడ మీంచి తీసి, దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టారు. ఆ తర్వాత నాతో చెరువుకి రాలేదు. అంతకు ముందు మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కూ ఆయనే మోసేవారు. రెండేళ్లుగా నేనే మోసుకుంటున్నాను. ఒక్కరికి సరిపడా కాఫీ పోసుకోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఆ ఫోటో సీతారామయ్య గారికి. పోటీకి పనికిరాదు గానీ ఇంటికి పనికొస్తుంది. కింద ఈ మాటలు రాసి ముందు గదిలో పెట్టాలి: "చేపలు వేసింది సీతారామయ్య. ఫోటో తీసింది కనకలక్ష్మి."

7. ఆరో అంశం మళ్లీ చదువుకున్నాను. దానికోసం నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. కాబట్టి మిగతావన్నీ నా తదనంతరం, ఆరోది మాత్రం ఎల్లుండి ఆదివారం పొద్దున అమల్లోకి వస్తుంది. సాక్షులు సంతకాలు పెట్టి వెళ్లగానే ఈ కాగితం ఆయన చేతికే ఇస్తాను. మేకు నేను కొడతాను, స్టూలు ఆయన పట్టుకోవాలి. ఆ తర్వాత ఇద్దరం చెరువుకి వెళ్తాం. ఫ్లాస్కు నిండా కాఫీ పోస్తాను. తొట్టి మాత్రం ఇంట్లోనే ఉంటుంది.

మణికొండ, 14 నవంబర్ 2025, శుక్రవారం

(చేవ్రాలు) పొన్నాడ కనకలక్ష్మి

సాక్షులు:
1. ఆదర్శ్, ఎదురు ఫ్లాటు
2. సరిత, కింది అంతస్తు