పుట్టకొక్కుల జాగ

అక్కా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి తొలకరి ఇది. మొన్న గట్టిగా ఉరిమింది. ఇవాళ పొద్దున్నే మెహరక్క మోదుగాకు పొట్లం పట్టుకొచ్చింది. విప్పితే పుట్టకొక్కులు, గొడుగులన్నీ ఒక వైపుకు, కాడలన్నీ ఒక వైపుకు పేర్చి, అచ్చం నువ్వు తెచ్చినట్టే.

"మీ అక్క జూపిచ్చిన జాగలనే లేచినయ్ పిల్లా. నీకు చెప్పలేదా ఏంది?"

బూర్గంపాడులో బట్టలు కుట్టుకునే నీ స్నేహితురాలికి అడవిలో నీ చోటు తెలుసు. నాకు తెలియదు.

చిన్నప్పుడు ప్రతి తొలకరికీ నీ వెనకాలే వచ్చేదాన్ని. వాగు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి, "ఇంటికి పో. జాగ ఇంకొకలకు తెలిస్తే మల్ల లేవవ్," అని రాయి ఎత్తేదానివి. నువ్వు గంప నింపుకొచ్చేదాకా ఒడ్డున నీ చెప్పులకు కాపలా కాసేదాన్ని. దవాఖానాలో చివరి వారమంతా నీ పక్కనే ఉన్నాను. అప్పుడైనా చెబుతావనుకున్నాను. దుప్పటి సరిచేయమన్నావు, అంతే.

"చెప్పకేం? నాకు ఎప్పటిసందో తెల్సు," అన్నాను మెహరక్కతో.

"అవ్, గట్లనా? అయితే రేపు కలిసి పోదాం."

"నాకు పనుంది."

కూర మాత్రం వండుకున్నాను. ఎలా కుదిరిందో రాస్తే నువ్వు పొంగిపోతావు, అందుకే రాయను.

రేపు మెహరక్క వాగు దాటేదాకా ఆగి, చెట్ల చాటున ఆమె వెనకాలే పోతాను. నీలా వెనక్కి తిరిగి చూసే అలవాటు ఆమెకు లేదు.