మూడేళ్ల అనుభవం

ధర్మవరం,
20 ఆగస్టు 2003.

అన్నకు,

ఈశ్వరి నమస్కారాలు. నువ్వు, వదిన, పాప అక్కడ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేను బాగున్నాను. నాయన కూడా బాగున్నాడని రాయడం వాడుక కాబట్టి రాస్తున్నాను. మంచం పట్టిన మనిషి ఎంత బాగుండగలడో అంత బాగున్నాడు.

వానలు పడినాయా అని అడిగినావు. మబ్బులు రోజూ వస్తాయి, మన మీదుగా ఎక్కడికో పోతాయి. ముదిగుబ్బలో ఆంజినప్ప మామ శెనక్కాయ వేసి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. పాపకు పట్టుపావడా గుడ్డ నేయించి పంపమని వదిన రాసింది. మన ఇంట్లో మగ్గం ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు గుర్తులేనట్టుంది. నువ్వే చెప్పు.

నర్సింగ్ స్కూలు కోసం నువ్వు తయారుచేసిన బయోడేటా ఇంటర్వ్యూకు ముందే అందింది. ఎంత బాగా రాసినావన్నా! నీ ఆఫీసులో టైపు చేయించిన ఆ ఇంగ్లీషును నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినాను. చదువు, పుట్టిన తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర అనుభవం అనే చోట, మంచం పట్టిన పక్షవాతం రోగికి మూడేళ్లు సేవ చేసింది అని రాసినావు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయినాను. రోగి అట! నాయన పేరు లేదు, మన ఇల్లు అని లేదు.

నాయన మగ్గం గుంతలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిన రోజు నీకు గుర్తుందా? నేను ఇంటర్ పాసై అప్పుడే నర్సింగుకు పోవాలని సిద్ధంగా ఉన్నాను. "ఒక్క సంవత్సరం చూసుకోమ్మా, నేను ఇల్లు సర్దుకొని నాయనను పిల్చుకుపోతా" అన్నావు. తర్వాత ఇల్లు ఇరుకన్నావు, పాప పుట్టిందన్నావు, వదినకు నడుం నొప్పన్నావు. నేను నాయన ఒళ్లు తుడుస్తూ, పుండ్లు పడకుండా పక్క మారుస్తూ ఉండిపోయినాను. ఆ పని నీ చేతికి ఒక్కరోజు కూడా అంటలేదు గాని, కాగితం మీద దాన్ని ఎట్లా చూపించాలో నీకు బాగా తెలిసింది. కోపంగానే రాస్తున్నాను, కోపంగానే చదువుకో.

ఇంటర్వ్యూ ఎట్లా జరిగిందని అడిగినావు కదా. ప్రిన్సిపాల్ మేడమ్ నీ కాగితం చూసి నేను ఎక్కడో పనిచేసినాననుకుంది.

"ఏ ఆస్పత్రిలో చేసినావమ్మా?"

"ఆస్పత్రి కాదు మేడమ్. ఆ రోగి మా నాయన."

"ఇప్పుడు యాడ ఉండాడు?"

"ఇంట్లోనే ఉండాడు మేడమ్."

ఆమె కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "నువ్వు హాస్టల్లో చేరితే ఆయప్పను ఎవరు చూసుకుంటారు? చదువు నడమంత్రంగా ఇడిసిపెట్టి పోయే పిల్లలకు సీటిచ్చి మేము శానా అగచాట్లు పడినాము."

"మా అన్న చూసుకుంటాడు మేడమ్. బెంగళూరులో ఉండాడు."

"ఒప్పుకున్నాడా?"

"ఈ కాగితం రాసిందే ఆయన మేడమ్."

సీటు వచ్చింది. నాకు రాదనే ధైర్యంతోనే నువ్వు నాయన సంగతి ఏమిటని అడగలేదని నాకు తెలుసు. సోమవారం హాస్టల్లో చేరాలి. ఆదివారం రైలుకు ఆంజినప్ప మామ నాయనను తీసుకొని నీ దగ్గరికి వస్తున్నాడు. సాయంత్రం స్టేషనుకు రా. ఫోను చేసి చెప్పొచ్చు. చెప్తే నువ్వు ఏదో ఒకటి అంటావు, నేను మళ్లీ మెత్తబడతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

అన్నం మెత్తగా పిసికి కుడివైపు దవడలో పెట్టాలి. నీళ్లు గడగడ తాగించొద్దు, పొరబోతుంది. పక్కింటి ఓబమ్మ వాళ్ల మగ్గం చప్పుడు వినపడితేనే పగలు కాస్త కునుకు తీస్తాడు. బెంగళూరులో దానికి ఏం చేస్తావో నాకు తెలియదు.

ఇంకొక మాట ఇంతవరకు దాచిపెట్టినాను. "నువ్వు బెంగళూరుకు పోతున్నావు నాయనా" అని చెప్పినప్పుడు నాయన నా మొహం చూస్తూ మాట కూడదీసుకుని, "వాడు... పిల్చినాడా?" అన్నాడు. "పిల్చినాడు నాయనా, నువ్వు లేకుంటే ఇల్లు బోసిగా ఉండాదంట" అన్నాను. పడినప్పటి నుంచి అంతగా నవ్వింది నేను చూడలేదు. నిన్న గడ్డం గీయించుకున్నాడు. తెల్ల పంచె తీయించి తలగడ కింద పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ "కొడుకు పిల్చినాడు, కొడుకు పిల్చినాడు" అని చెప్పుకుంటున్నాడు.

అన్నా, నా మీద కోపం ఉంటే హాస్టలుకు వచ్చి నన్ను తిట్టు. రైలు దిగిన మనిషికి మాత్రం, నువ్వు పిలవలేదని తెలియనియ్యొద్దు.

ఇట్లు,
నీ చెల్లెలు
ఈశ్వరి