చలి కోసం మొక్కు

సృజనా,

మొక్కు తీర్చడానికి ఇప్పుడే గుడికి పోకు. ఎందుకో చెబుతాను.

ఇక్కడ సౌదీలో, హాయిల్‌లో ఏటా ఎముకలు కొరికే చలి. ఈసారి జనవరి సగం గడిచినా రాలేదు. దుకాణంలో హీటర్లు అమ్ముడుపోకపోతే కొత్త ఫీజులు కట్టి, నేనిక్కడ ఉండటానికి కావాల్సిన ఇఖామా రెన్యువల్ చేయించలేనని మా యజమాని కఫీల్ అన్నాడు. అందుకే చలి పడాలని నిన్ను మొక్కుకోమన్నాను.

మొన్న శుక్రవారం మన కోరుట్ల అంజన్న ఉండే కూలీల క్యాంపుకు పోయాను. ఇక్కడివాళ్లకే ఇన్ని కొలువులివ్వాలనే నితాఖత్ లెక్కలో ఎర్ర రంగు పడి వాళ్ల కంపెనీ మూతపడింది. క్యాంపుకు కరెంటు తీసేశారు. అయినా అక్కడ మిగిలిన పదకొండు మందీ గోడవార ఎండలో కూర్చుని, చాయ్ తాగుతూ నవ్వుకుంటున్నారు. పోయినేడు నిమోనియాతో చావు దాకా పోయిన అంజన్న నాకు పక్కన చోటిచ్చాడు.

"ఈయేడు సలి లేదు, బతికినం తమ్మీ. దేవుడు సల్లంగ జూసిండు" అన్నాడు.

నేను తలూపాను. మన మొక్కు సంగతి చెప్పలేకపోయాను. ఆ ఎండ నాకూ హాయిగానే ఉంది.

నిన్నటి నుంచి ఉత్తరపు గాలి కోస్తోంది. దుకాణం నిండా మనుషులే. కఫీల్ నవ్వుతూ నా ఇఖామా పని మొదలుపెట్టాడు.

నా రెండు రగ్గులూ మూటగట్టుకుని ఇప్పుడే క్యాంపుకు బయల్దేరుతున్నాను. గిరాకీ ఎట్లా ఉందని అంజన్న తప్పకుండా అడుగుతాడు.