రైసుమిల్లు వీధి కుళాయి కేసు

నర్సీపట్నం, జూన్ 3

లాయరు కౌన్సిలరు గణేశ్వరరావు బాబుగారికి, రైసుమిల్లు వీధి అప్పలలక్ష్మి దణ్ణాలెట్టి రాస్తన్నాను.

నోటిమాట సెల్లదు, ఏదైనా రాసిమ్మన్నారు కదా. మా వీధి కుళాయికి నీళ్లు రావు. ముప్పై ఇళ్లోళ్లం పక్కవీధోళ్ల సేత తిట్లు తిని బిందెడు నీళ్లు తెచ్చుకుంటన్నాం. ఓటేసినోళ్లం, ఊరుకోం.

మీ ఓటరు,
అప్పలలక్ష్మి

తా.క.: నోటిమాట సెల్లదంటే, ఎలచ్చన్లప్పుడు మీరన్న మాటలేటి బాబూ?

జూన్ 8

గౌరవనీయురాలు అప్పలలక్ష్మి గారికి,

మీ లేఖ అందింది. నీళ్లు రావడం లేదనడానికి సాక్ష్యం ఏది? పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను, సాక్ష్యం లేని మాట ఎక్కడా నిలబడలేదు. సాక్ష్యం తెండి. ఆ తర్వాత నేనున్నాను.

భవదీయుడు,
గణేశ్వరరావు, అడ్వొకేటు, వార్డు కౌన్సిలరు

తా.క.: తీర్పు వచ్చేదాకా సాక్ష్యం నా దగ్గరే ఉండాలి.

జూన్ 10

బాబుగారికి దణ్ణాలు.

సాక్ష్యం తెచ్చినాం. ముప్పై ఖాళీ బిందెలు మీ వీధరుగు మీద ఎట్టీసినాం. గుమ్మం దాటనేకపోతన్నానని మీ ఇంటావిడ ఒకటే కేకలు. సాక్ష్యాన్ని కదపకూడదమ్మా అని సెప్పీసి వచ్చీసినాం.

అప్పలలక్ష్మి, వీధిలో అందరూను

తా.క.: మూడో బిందెకి సిల్లుంది. అది వేరే కేసు.

జూన్ 12

అమ్మా అప్పలలక్ష్మీ,

సాక్ష్యమంటే సంతకాలు తల్లీ, బిందెలు కాదు! సరే, తెచ్చారు కాబట్టి పది బిందెలు కౌన్సిలు మీటింగుకు మోసుకెళ్లాను. బయటికి పంపిస్తామన్నారు. పంపండి, బిందెలతో సహా మెయిన్ రోడ్డు మీద కూర్చుంటానన్నాను. దెబ్బకి దిగొచ్చి, పైపు వేయనివ్వకుండా ఎవరో అడ్డుపడుతున్నారని ఒప్పుకున్నారు. అదెవరో మునిసిపల్ ఇంజనీరు గారి చేత రాయించి కాగితం తీసుకోండి. ఎంతటివాడైనా సరే, కోర్టుకీడ్చి నీళ్లు తాగిస్తాను.

మీ గణేశ్వరరావు

తా.క.: మా ఆవిడ పెరటి గుమ్మంలోంచి మాకవరపాలెం పుట్టింటికి వెళ్లిపోయింది. అయినా తగ్గేది లేదు.

జూన్ 17

బాబుగారికి,

ఇంజనీరు గారు కాయితం ఇచ్చినారు. పైపు మా వీధి సివర లోవరాజుగారి ఖాళీ జాగాలోంచి రావాలట. ఎనిమిదేళ్ల కిందట ఆయన కోర్టుకెళ్లి స్టే తెచ్చీసినాడు. ఆయన పాయకరావుపేట ఎల్లిపోయినాడు గానీ స్టే ఇక్కడే ఉండిపోనాది. వాయిదా మీద వాయిదా. ఆ వాయిదాలు అడుగుతన్న లాయరు ఎవుడా అని, దాంతో ఉన్న కోర్టుకాయితం మీద సంతకం సూసినాం.

మీదే బాబూ!

మీరు మర్సిపోయుంటారు, వందా తొంభై కేసులు. బిందె మోసినోళ్లం మేం మర్సిపోం. సోమవారం ముప్పైమందిమీ కోర్టుకొస్తన్నాం. బేగి స్టే తీయించండి. నేకపోతే అక్కడే కూకుంటాం, ఎవులు లెగమన్నా లెగం.

అప్పలలక్ష్మి

తా.క.: అటు లాయరూ మీరే, ఇటు లాయరూ మీరే. ఈపాలి వాయిదా ఎవులడుగుతారో సూద్దుం.