ఇంజను మీది రేకు

బుజ్జీ, నాలుగు రోజులుగా ఇల్లంతా గాలిస్తున్నావే, ఆ ఇంజను రేకు నీ మంచం మీద పెట్టాను. సాయంత్రానికల్లా బిగించెయ్యి. రేపు పొద్దున మా చెల్లెల్ని, అదే మీ చిన్నమ్మమ్మను, ఆసుపత్రి నుంచి పంపిస్తారట. తాతయ్య కారు తప్ప ఎక్కనని మంకుపట్టు పట్టింది. నాకు కాలు నిలవడం లేదు, బస్సెక్కి దాని దగ్గరికి పోతున్నాను.

ఆ ఇంజను చల్లబడేది నీళ్లతో కాదు, గాలితోనే; రేకు లేకపోతే ఫ్యాను గాలి ఊరంతా తిరుగుతుంది గానీ ఇంజనుకు తగలదనేవారు తాతయ్య. ముందు ఇంజను ఒంటి మీది ఇనుప రెక్కల సందుల్లో మట్టిని పాత పళ్ల బ్రష్షుతో దులుపు. ఇంజను వేడిగా కాలుతున్నప్పుడు నీళ్లు పొయ్యకు, పగులుతుంది. రేపు ఎనిమిదింటికి ఆసుపత్రి గేటు దగ్గర ఉంటాం.

రేకును పూలకుండీ కింద పెట్టుకున్నది నేనే. నువ్వడిగినప్పుడు, అరుస్తావని భయపడి 'నాకేం తెలుసు' అన్నాను. తుప్పు గీకేశాను. తిట్టేదేదో ఇప్పుడే తిట్టేసుకో, చిన్నమ్మమ్మ వింటే జన్మంతా దెప్పుతుంది.