మూత చదును

తమ్ముడు మున్సిఫ్‌కు,

అక్క వహీబా దీవెనలు. స్ఫాక్స్‌లో అమ్మా నేనూ బాగానే ఉన్నాం. ఎడారి దుమ్ముకు నీ దగ్గు తగ్గిందో లేదోనని అమ్మకు ఒకటే బెంగ. నువ్వు పంపిన ఖర్జూరాలు అందాయి. సగం అమ్మ పక్కింటికే పంచేసింది.

"డ్రాయింగులో ఒక్క మాట కోసం అంత అలసిపోవడమేమిటక్కా?" అని రాశావు. చెబుతాను. గ్యాసు వాల్వులకు బిగించే గుండ్రటి ఉక్కు మూతల డ్రాయింగు నాకిచ్చారు. పాతదాంట్లో వ్యాసం, మందం ఉన్నాయి. ముఖం ఎంత చదునుగా ఉండాలో మాత్రం లేదు. పల్చటి మూత, ఉక్కును తిప్పి చెక్కే లేతు మెషిన్‌లో బిగించి ఉన్నంతసేపూ చదునుగానే కనిపిస్తుంది. విప్పగానే వేడి పెనం మీద రొట్టె అంచులా వంకర తిరుగుతుంది. అందుకే, విప్పాక కొలిచినా ఎత్తుపల్లాల తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటకూడదని రాశాను.

మా పైఅధికారి ముఖ్తార్ గారు డ్రాయింగు వెనక్కి తోశారు.

"మధ్యలో మెత్తటి సీలు ఉంది కదమ్మా, అదే సర్దుకుంటుంది. కాస్త వదులుగా రాసి సంతకం పెట్టు."

"వేడెక్కితే సర్దుకోదండీ. గ్యాసు దారి వెతుక్కుంటుంది."

"లేతు వాళ్ళు సగం మూతలు మళ్ళీ చేయాలంటున్నారు. ఆ మాటేదో నువ్వే వాళ్ళకు చెప్పు."

వెళ్ళి చెప్పాను. "మేడమ్ గారికి మూతలు ఇస్త్రీ చేసి ఇవ్వాలట" అని నవ్వారు. చివరికి పాత పద్ధతిలో చేసిన మూతనొకదాన్ని బిగించి, వేడిచేసి, లోపలికి గాలి కొట్టి నీళ్ళలో ముంచాం. అంచు పొడుగునా బుడగలు. నాకు గెలిచినట్టు కూడా అనిపించలేదు. కూర్చోవడానికి కుర్చీ వెతుక్కున్నానంతే.

నేను రాసిందే నిలిచింది. కానీ అందరి ఆదివారం సెలవూ పోయింది. భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

నీకు ఇంతవరకూ రాయని సంగతి ఒకటుంది. ఆ మూతలు ఎడారిలో నువ్వు పనిచేసే గ్యాసు స్టేషనుకే వస్తున్నాయి. ఆర్డరు మీద పేరు మొదటిరోజే చూశాను. ఇక్కడ నన్ను నిక్కచ్చి మనిషి అంటున్నారు. అవి ఇంకో చోటికి, ఇంకెవరి తమ్ముడి దగ్గరికో వెళ్తుంటే ఇంత పోట్లాడేదాన్నా? ఎంత ఆలోచించినా అవునని చెప్పుకోలేకపోతున్నాను. నా అలసటంతా అదేరా.

కొత్త డ్రాయింగు ఒకటి వస్తోందన్నారు. అది ఎక్కడికి వెళ్తుందో నాకు చెప్పొద్దని ముఖ్తార్ గారిని అడిగాను. ఆయన "ఇంటికెళ్ళి పడుకో తల్లీ" అన్నారు. ఆ డ్రాయింగును మాత్రం, చేరాల్సిన చోటి పేరు మీద కాగితం అంటించి నాకు పంపారు.

ఇట్లు,
నీ అక్క
వహీబా